మూడో వారంలో నడక మానకండి

"డాక్టర్ గారూ, నెల రోజులు నాగా లేకుండా నడిచాను. కిలో కూడా తగ్గలేదు. ఈ నడక నా ఒంటికి పడదనుకుంటాను."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఉద్యోగంలో ఉండగా విన్నాను. పదవీ విరమణ తర్వాత ఇరుగుపొరుగు వారి దగ్గర, బంధువుల దగ్గర, పెళ్ళిపందిళ్ళలో పక్క కుర్చీలో కూర్చున్న వారి దగ్గర ఇంకా వింటూనే ఉన్నాను. ఇలా అనేవారు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే నడిచారు, నిజంగానే బరువు తగ్గలేదు. వారు చేసిన పొరపాటల్లా నడక ఫలితాన్ని త్రాసు మీద వెతకడమే.

ఆ పొరపాటులో నాకూ వాటా ఉన్నది. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసినన్నాళ్ళూ మధుమేహం, రక్తపోటు ఉన్నవారి చీటీ అడుగున "నడక" అని ఒక్క మాట రాసి పంపించేవాణ్ణి. మాత్రకు మోతాదు రాసేవాణ్ణి, ఏ పూట వేసుకోవాలో రాసేవాణ్ణి, ఎన్నాళ్ళు వాడాలో రాసేవాణ్ణి. నడకకు మాత్రం మోతాదు లేదు, వ్యవధి లేదు, అది ఒంట్లో ఏం చేస్తుందన్న వివరణ అసలే లేదు. బయట వరుసలో జనం నిలబడి ఉన్నారన్నది అప్పట్లో నా సాకు. ఇప్పుడు ఆ సాకు లేదు కనుక, అప్పుడు చెప్పవలసిన మాటలను ఇప్పుడు చెబుతున్నాను.

కేలరీల లెక్క

ముందు ఆ మిత్రుల లెక్కనే వేసి చూద్దాం. 65 కిలోల బరువున్న వ్యక్తి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే సుమారు 110 నుంచి 130 కేలరీలు ఖర్చవుతాయి. రెండు మూడు ఇడ్లీలలో ఉండే శక్తి అది. ఒంట్లోని కొవ్వు ఒక కిలో తగ్గాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. అంటే తిండిలో ఏ మార్పూ చేయకుండా రోజూ అరగంట నడిస్తే, కిలో తగ్గడానికి రెండు నెలలు పడుతుంది. నడిచి వచ్చాక ఆకలేసి రోజూ ఒక ఇడ్లీ అదనంగా తింటే ఆ గడువు నాలుగు నెలలకు దగ్గరవుతుంది.

కాబట్టి కేలరీల లెక్క ప్రకారం ఆ మిత్రుని నిరాశ న్యాయమైనదే. బరువు తగ్గడంలో తిండిదే పెద్ద పాత్ర. ఒక్క నడకతో బరువు దించుకోవడం కష్టం. అయితే ఆ అరగంటలో ఎంత కరిగిందన్నది నడకలో చిన్న విషయం. అరగంట చొప్పున రోజులు, వారాలు గడుస్తున్న కొద్దీ కండరం తన ఇంధనాన్ని వాడుకునే పద్ధతే మారుతుంది. అలా మారిన కండరం మీరు నడుస్తున్నప్పుడే కాక, మిగిలిన ఇరవై మూడున్నర గంటలూ మీతోనే ఉంటుంది. పెద్ద విషయం అది.

గాదెలో ధాన్యం, మిల్లులో మర

కండరం ముడుచుకోవడానికి నేరుగా వాడుకొనే ఇంధనం ఏటీపీ అనే అణువు ఒక్కటే. మనం తిన్న అన్నమైనా, ఒంట్లోని కొవ్వయినా చివరకు ఏటీపీగా మారితేనే కండరానికి పనికివస్తుంది. విచిత్రమేమంటే, కండరంలో ఏటీపీ నిల్వ కొద్ది సెకన్ల పనికి మాత్రమే సరిపోతుంది. అందువల్ల దానిని ఎప్పటికప్పుడు తయారు చేసుకోవలసిందే. ఒక మనిషి ఒక రోజులో తయారుచేసి వాడే ఏటీపీ మొత్తం దాదాపు అతని శరీర బరువంత ఉంటుంది.

తయారీకి మూడు దారులున్నాయి. మొదటిది క్రియాటిన్ ఫాస్ఫేట్. ఇది పది సెకన్లపాటు ఆదుకుంటుంది. బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేది దీని బలంతోనే. రెండవది ప్రాణవాయువు అవసరం లేకుండా గ్లూకోజును విడగొట్టడం. ఇది వేగంగా జరుగుతుంది కాని దుబారా ఎక్కువ. ఒక గ్లూకోజు అణువు నుంచి దక్కేది 2 ఏటీపీలే. మూడవది మైటోకాండ్రియా అనే సూక్ష్మాంగాలలో ప్రాణవాయువుతో గ్లూకోజును, కొవ్వును పూర్తిగా దహించడం. ఈ దారిలో అదే గ్లూకోజు అణువు సుమారు 30 ఏటీపీలను ఇస్తుంది. మేము వైద్య కళాశాలలో 38 అని చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం; తర్వాతి లెక్కలు దానిని 30, 32కు తగ్గించాయి. సంఖ్య తగ్గినా, రెండవ దారికీ మూడవ దారికీ మధ్య ఉన్న భారీ తేడా అలాగే ఉన్నది. పైగా కొవ్వును వాడుకోవడానికి ఉన్న దారి ఈ మూడవది మాత్రమే.

ఇక నిల్వల సంగతి. కండరాలలో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో దాచిన గ్లూకోజు మొత్తం కలిపి 400 నుంచి 500 గ్రాములు. శక్తి రూపంలో చూస్తే రెండు వేల కేలరీలకు మించదు. కొవ్వు సంగతి వేరు. లావుగా కనిపించని మనిషి ఒంట్లో కూడా 10 కిలోల కొవ్వు ఉండవచ్చు. అది 70 వేల కేలరీలకు పైమాటే.

పూర్వం రైతు ఇంట్లో వంటగది డబ్బాలో బియ్యం ఉండేవి, వసారాలోనో పెరట్లోనో గాదె నిండా ధాన్యం ఉండేది. ధాన్యం ఎంత ఉన్నా దంచితేనే, మర ఆడిస్తేనే అన్నమవుతుంది. గ్లైకోజన్ డబ్బాలో బియ్యం, కొవ్వు గాదెలో ధాన్యం, మైటోకాండ్రియా మిల్లు. ఏళ్ళ తరబడి శ్రమ ఎరుగని కండరంలో ఈ మిల్లు చిన్నది. గాదె నిండి పొర్లుతున్నా మిల్లు ఆడించగలిగేది తక్కువ కాబట్టి, కాస్త వేగంగా నడిచేసరికి కండరం డబ్బాలోని బియ్యం మీద పడుతుంది. ఆయాసం వస్తుంది, కాళ్ళు బరువెక్కుతాయి. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకొని నిలబడే మనిషి ఒంట్లో ఇంధనానికి కొరత లేదు. దానిని వాడుకొనే ఏర్పాటుకే కొరత.

ఓపికను పెంచే వ్యాయామం, అంటే వేగపు నడక, సైకిలు, ఈత, నెమ్మది పరుగు వంటివి, ఈ మిల్లును పెద్దది చేస్తాయి.

మిల్లు పెరిగిందని ఎలా తెలిసింది?

ఇది ఊహ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హాలోజీ 1967లో ఒక పరిశోధనను ప్రచురించాడు. ఎలుకలను పన్నెండు వారాలపాటు క్రమంగా దూరం, వేగం పెంచుతూ పరుగెత్తించి, తర్వాత వాటి కాలి కండరాలను పరీక్షించాడు. వ్యాయామం లేని ఎలుకలతో పోలిస్తే వాటి కండరం ప్రాణవాయువును వాడుకొనే సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. అంతవరకు ఓపిక పెరగడమంటే గుండె, ఊపిరితిత్తులు బలపడటమేనని వైద్యులు ఎక్కువగా భావించేవారు. కండరం తానే లోపల మారుతుందని ఆ ఎలుకలు చూపించాయి.

మనుషులలో దీనిని చూడటానికి స్వీడన్ శాస్త్రజ్ఞులు దారి వేశారు. యోనాస్ బెర్గ్‌స్ట్రామ్ 1960లలో ఒక సూదితో కండరం నుంచి చిన్న ముక్కను తీసి పరీక్షించే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. 1966లో ఆయన, సహచరుడు ఎరిక్ హల్ట్‌మన్ తమ మీద తామే ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిలుకు ఇరువైపులా కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్క కాలితోనే అలసిపోయేవరకు తొక్కారు. తొక్కిన కాలిలో గ్లైకోజన్ అడుగంటింది. తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు బాగా తింటే, ఆ కాలిలో నిల్వ రెండవ కాలికి రెట్టింపు స్థాయికి చేరింది. రెండు కాళ్ళకూ అందిన రక్తం ఒకటే, తిన్న తిండి ఒకటే. పనిచేసిన కాలే మారింది.

తరువాత 1977లో యాన్ హెన్రిక్సన్ మరొక అడుగు వేశాడు. కొందరి చేత రెండు నెలలపాటు ఒక్క కాలికే శిక్షణ ఇప్పించి, ఆపైన రెండు కాళ్ళతో సైకిలు తొక్కించి చూశాడు. శిక్షణ పొందిన కాలు రెండవ కాలికంటే ఎక్కువగా కొవ్వు మీద ఆధారపడింది, తక్కువ లాక్టేటును వదిలింది. మనిషి ఒకడే, గుండె ఒకటే, పని కూడా ఒకటే. అయినా రెండు కాళ్ళ వంటశాలలు వేరువేరుగా పనిచేశాయి.

లాక్టేటు గురించి ఒక మాట. వ్యాయామం మరునాడు కలిగే ఒళ్ళు నొప్పులకు కండరంలో పేరుకున్న లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే చెప్పేవాళ్ళం. లాక్టేటు గంట, రెండు గంటలలోనే రక్తం నుంచి తొలగిపోతుంది. మరునాటి నొప్పి అలవాటు లేని పని వల్ల కండర తంతువులకు కలిగే సూక్ష్మమైన దెబ్బల వల్ల వచ్చేది. లాక్టేటు వ్యర్థం కూడా కాదు; గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా వాడుకుంటాయి. శిక్షణ పొందిన కండరానికి ఆ నేర్పు కూడా పెరుగుతుంది.

ఏ వారంలో ఏమి జరుగుతుంది?

నడక మొదలుపెట్టిన వారు తప్పక తెలుసుకోవలసినది ఈ క్రమం.

మొదటి రోజు నుంచే ఒక లాభం ఉన్నది. పనిచేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా తీసుకుంటుంది, ఆ చురుకుదనం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానవద్దని మధుమేహం ఉన్నవారికి చెబుతాము.

మొదటి ఒకటి రెండు వారాల్లో రక్తంలోని ద్రవభాగం కొంత పెరుగుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. నడక కాస్త తేలికయినట్లు అనిపిస్తుంది. చాలామందికి ఉత్సాహం కలిగేది ఈ దశలోనే.

మైటోకాండ్రియా, వాటిలోని ఎంజైమ్‌లు గుర్తించదగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. మూడవ వారం నుంచి ఎనిమిదవ వారం వరకు ఆ నిర్మాణం ముమ్మరంగా సాగుతుంది. కండర తంతువుల చుట్టూ కొత్త రక్తకేశనాళికలు మొలుస్తాయి. మిల్లు పెరిగినప్పుడు దారి కూడా పెరగాలి కదా, ధాన్యం బండ్లు రావాలంటే. ఇదంతా జరుగుతున్నప్పుడు త్రాసు ముల్లు కదలకపోవచ్చు. మన మిత్రులు నడక మానేసేది సరిగ్గా ఈ సమయంలోనే. పునాది పూర్తయి గోడలు లేస్తుండగా కూలీలను పంపించేసినట్లు అన్నమాట.

నెలలు గడిచేకొద్దీ కండరం అదే వేగపు నడకకు గ్లైకోజన్‌ను పొదుపుగా, కొవ్వును ధారాళంగా వాడుతుంది. ఏళ్ళ తరబడి సాగిస్తే తంతువుల స్వభావంలో కూడా కొంత మార్పు వస్తుంది. కోడి తొడ మాంసం ముదురు రంగులో, రొమ్ము మాంసం తెల్లగా ఉండటం మీరు చూసే ఉంటారు. రోజంతా నడిచే కాలికి మైటోకాండ్రియా, ప్రాణవాయువును పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ. ఎప్పుడో ఒకసారి గోడ మీదికి ఎగరడానికి వాడే రొమ్ముకు తక్కువ. మన కండరాలలో ఈ రెండు రకాల తంతువులూ కలగలిసి ఉంటాయి. ఎవరిలో ఏవి ఎంత అన్నది చాలావరకు పుట్టుకతో వచ్చినా, వేగపు తంతువులకు ఓపికను నేర్పడం మాత్రం సాధన వల్ల సాధ్యమే.

మధుమేహంతో దీనికి సంబంధం ఏమిటి?

భోజనం తర్వాత రక్తంలో చేరిన గ్లూకోజును ఇన్సులిన్ ప్రభావంతో లోనికి తీసుకొనే అవయవాలలో కండరానిదే అగ్రస్థానం. గ్లూకోజు కండర కణంలోకి రావడానికి గ్లూట్-4 అనే వాహకాలు కణం పైపొరకు చేరాలి. వాటిని పైకి పిలిచే సంకేతాలు రెండు. ఒకటి ఇన్సులిన్. రెండవది కండరం ముడుచుకోవడం. ఇన్సులిన్ మాట వినడం మానేసిన కండరం కూడా, పని చెబితే గ్లూకోజును తీసుకుంటుంది. మధుమేహం ఉన్నవారికి ప్రకృతి ఉంచిన రెండవ తలుపు ఇది. రోజులో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చునేవారు దానికి తాళం వేసుకున్నట్లే.

మనకు ఈ విషయం మరీ ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యుల చిత్రం ఒకటి ప్రచురితమయింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువును సూచించే బీఎంఐ ఇద్దరిదీ సమానమే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తే మనిషి అన్నది గమనించదగిన సంగతి. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండటం మన దేశంలో సర్వసాధారణం. అలాంటివారికి త్రాసు అబద్ధపు ధైర్యాన్నిస్తుంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్ల మంది. ఈ ముందు దశ వారిని కాపాడవచ్చునని చెన్నైలో ఆచార్య ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది. 531 మందిని దాదాపు మూడేళ్ళు పరిశీలించారు. మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో 55 శాతం మంది మధుమేహంలోకి జారారు. ఆహారాన్ని సరిచేసుకొని, రోజూ కనీసం అరగంట నడిచిన వారిలో 39.3 శాతం మందే జారారు. ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న అంశం మరొకటి. లాభపడిన ఆ బృందంలో చెప్పుకోదగినంతగా బరువు తగ్గలేదు. "నెల నడిచినా కిలో తగ్గలేదు" అనే మిత్రునికి నేను చూపించదలచిన జవాబు ఇదే. బరువు కదలకపోయినా జబ్బు వెనక్కి తగ్గగలదు.

మైటోకాండ్రియా తగ్గడం వల్ల ఇన్సులిన్ పనిచేయకుండా పోతుందా, లేక ఇన్సులిన్ పనిచేయకపోవడం వల్లే అవి తగ్గుతాయా అన్న చర్చ శాస్త్రజ్ఞులలో ఇంకా నడుస్తున్నది. ఆ చర్చ ఎటు తేలినా కండరానికి పని పెట్టడం వల్ల రెండూ మెరుగుపడతాయన్నది స్థిరపడిన విషయం.

మూడు వారాల మంచం, ముప్ఫై ఏళ్ళ వయసు

కట్టిన మిల్లును వాడకపోతే శరీరం దానిని ఉంచదు. దాని పోషణకు ఖర్చు ఉంటుంది కాబట్టి విప్పేసుకుంటుంది. సాధన ఆపిన రెండు మూడు వారాల్లోనే ఈ తరుగుదల మొదలవుతుంది.

1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఇరవై ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచం మీద పడుకోబెట్టారు. గరిష్ఠంగా ప్రాణవాయువును వాడుకొనే వారి సామర్థ్యం ఆ మూడు వారాల్లోనే సుమారు 27 శాతం పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, యాభై దాటిన వయసులో, ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు వారి నుంచి తీసుకున్న సామర్థ్యం సుమారు 12 శాతం మాత్రమే. అంటే ముప్ఫై ఏళ్ళ వార్ధక్యం కంటే మూడు వారాల మంచం ఎక్కువ నష్టం చేసింది. తర్వాత ఆ యాభై ఏళ్ళ వారికి ఆరు నెలలు నడక, నెమ్మది పరుగు, సైకిలుతో సాధన చేయించగా, వయసు వల్ల పోయినదంతా తిరిగి వచ్చింది. ఆ మెరుగుదల గుండె ఎక్కువ రక్తాన్ని పంపడం వల్ల వచ్చింది కాదు. కండరాలు అదే రక్తం నుంచి ఎక్కువ ప్రాణవాయువును తీసుకోవడం నేర్చినందువల్ల వచ్చింది.

ఈ అధ్యయనం చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళే గుర్తుకొస్తాయి. తండ్రికి డెబ్భై దాటితే కొడుకు ప్రేమగా "మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తాను" అంటాడు. తల్లికి నాలుగు రోజులు జ్వరం వస్తే నెల రోజులు మంచం దిగనివ్వరు. పాల ప్యాకెట్టుకు, కూరగాయలకు, బ్యాంకు పనికి ఇప్పుడు ఎవరూ గడప దాటనవసరం లేదు. ఇదంతా ఆదరణే, అందులో సందేహం లేదు. అయితే ఆ ఆదరణలో పెద్దవారి కండరం నెలనెలా కరిగిపోతున్నది. ఒకనాడు వారు స్నానాల గది నుంచి లేవలేక పడిపోయినప్పుడు వయసు మీద పడిందంటాము. వయసు తీసుకున్నది కొంత. మనం కూర్చోబెట్టినది చాలా.

రెండేళ్ళ క్రితం నేనూ ఒక విషజ్వరంతో పద్దెనిమిది రోజులు మంచాన పడ్డాను. లేచాక మా ఇంటి మేడ మెట్లు సగం ఎక్కేసరికి రొప్పు వచ్చింది. అంతకు ముందు రోజూ ఎక్కిన మెట్లే అవి. మొదట వరండాలో ఐదు నిమిషాలు, తర్వాత వీధి చివర వరకు, అలా పెంచుకుంటూ పోతే మునుపటి నడకకు రావడానికి పది వారాలు పట్టింది. పుస్తకంలో చదివి ఇతరులకు చెప్పిన సంగతి అప్పుడు నా కాళ్ళకు తెలిసింది.

ఏమి చేయాలి?

మోతాదు చెప్పకుండా మందు రాయడం తప్పు కనుక, నడకకు కూడా మోతాదు చెబుతాను.

వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే 300 నిమిషాల వరకు మధ్యస్థమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించింది. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున అనుకోండి. ఒకేసారి కుదరకపోతే పది, పదిహేను నిమిషాల చొప్పున విడదీయవచ్చు. భోజనం తర్వాత పదిహేను నిమిషాల నెమ్మది నడక రక్తంలో గ్లూకోజు ఎగసిపడకుండా ఆపుతుంది. మూడు పూటలా అన్నం తినే మనకు ఇది బాగా అక్కరకు వచ్చే అలవాటు.

వేగం ఎంత ఉండాలి? నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. కూనిరాగం తీస్తూ సాగేది షికారు. మాట కూడా రాని వేగం మొదటి నెలల్లో అవసరం లేదు. వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని కూడా కలపండి. చేతుల ఊత లేకుండా కుర్చీలో నుంచి పదిసార్లు లేవడం, గోడను రెండు చేతులతో నెట్టడం వంటివి ఇంట్లోనే చేయవచ్చు.

త్రాసును రెండు నెలలు పక్కన పెట్టండి. దానికి బదులు మీ వీధి నుంచి ఒక నిర్ణీతమైన గుర్తు వరకు, గుడి కావచ్చు, చెరువుగట్టు కావచ్చు, నడిచి ఎన్ని నిమిషాలు పట్టిందో, చేరగానే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకున్నదో రాసుకోండి. ఎనిమిది వారాల తర్వాత అదే దారిలో, అదే వేగంతో నడిచి చూడండి. నాడి తగ్గి ఉంటుంది, ఊపిరి నెమ్మదించి ఉంటుంది. లోపలి మిల్లు పెరిగిందనడానికి ఇంట్లో దొరికే సాక్ష్యం అదే. మధుమేహం ఉన్నవారు మూడు నెలలకొకసారి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితాన్ని కూడా దీని పక్కన రాసుకోవచ్చు.

పొలం పనిచేసేవారికి వేరే నడక ఎందుకని అడుగుతారు. నిజమే, నాట్లు, కలుపు, కోతల రోజుల్లో వారికి ఎవరూ వ్యాయామం చెప్పనక్కరలేదు. అయితే ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, కోత యంత్రానిది, పొలానికి వెళ్ళేది మోటారు సైకిలు మీద. పని లేని నెలల్లో కండరం ఖాళీగా ఉండకుండా చూసుకోవాలి. ఇంటిపనంతా తామే చేసే స్త్రీల మాట కూడా ఇలాంటిదే. ఇంటిపని అలసటనిస్తుంది కాని, ఊపిరి వేగం పెరిగేలా పది నిమిషాలు ఎడతెగకుండా సాగేది అందులో తక్కువ. వారికి తమదంటూ ఒక అరగంట దొరికేలా చూడటం ఇంట్లోని మగవారి బాధ్యత. దీనిని నేను వైద్య సలహాగానే చెబుతున్నాను.

కొన్ని జాగ్రత్తలు

నడుస్తుండగా ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగి వైద్యుని చూడండి. గుండె జబ్బు ఉన్నవారు, చాలా ఏళ్ళు కూర్చుని ఉండి నడివయసులో వ్యాయామం మొదలుపెట్టేవారు ముందుగా పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి నడకతో గ్లూకోజు మరీ పడిపోవచ్చు. జేబులో చక్కెర గాని, గ్లూకోజు బిళ్ళలు గాని ఉంచుకోండి, మోతాదు గురించి మీ వైద్యునితో మాట్లాడండి, సొంతంగా మార్చవద్దు. పాదాల స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవకండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోండి. మన ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తె రోజుల్లో, ఉదయం ఎండెక్కక ముందే ముగించండి.

చివరగా నా తర్వాతి తరం వైద్యులకు ఒక విన్నపం. చీటీ అడుగున "నడక" అని రాసి ఊరుకోకండి. ఎన్ని నిమిషాలో, ఏ వేగమో, ఎన్ని వారాల తర్వాత మళ్ళీ చూపించుకోవాలో రాయండి. బరువు తగ్గకపోయినా లోపల పని జరుగుతుందని ఒక్క వాక్యం చెప్పండి. ఆ వాక్యానికి అర నిమిషం కూడా పట్టదు. నేను చెప్పకపోవడం వల్ల ఎంతమంది మూడో వారంలో నడక మానేసి, తర్వాత మాత్రల సంఖ్య పెంచుకున్నారో నాకు తెలియదు.

పాఠకులలో ఎవరైనా ఇటీవలే నడక మానేసి ఉంటే, రేపు ఉదయం మళ్ళీ మొదలుపెట్టండి. మొదటి వారం పది నిమిషాలు చాలు. ఎనిమిది వారాలు పూర్తయ్యేవరకు త్రాసు ఎక్కవద్దు. ఆ తర్వాత మీ నాడి ఏమి చెప్పిందో నాకు రాయండి.